కంప్యూటర్ కూడా కరెంటులా మారుతోంది.. మరి కరెంటుకున్న రూల్స్ దీనికి ఉన్నాయా?

2025 అక్టోబరు 14న రెండు వార్తలు వచ్చాయి. పైకి చూస్తే ఒకదానికీ మరొకదానికీ సంబంధం లేదు.

ఒకటి దిల్లీ నుంచి వచ్చింది. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడితో భారీ డేటా సెంటర్, ఏఐ హబ్ ఏర్పాటు చేస్తామని గూగుల్ ప్రకటించింది. రెండోది మన ఇళ్లలోని కంప్యూటర్లకు సంబంధించింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్టును ఆ రోజుతో ఆపేసింది.

విండోస్ 11 పెట్టుకోవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలి. అవి లేని కంప్యూటర్ ఎంత బాగా పనిచేస్తున్నా కంపెనీ లెక్కలో పాతదే. పేరు నమోదు చేసుకున్నవారికి మాత్రం 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని చెప్పింది.

అంటే ఒకవైపు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కు గడువు తీరుతోంది. మరోవైపు ఊరి పక్కనే వేల కంప్యూటర్లున్న భవనాలు లేవబోతున్నాయి. వాటిని మనం కొనం, అద్దెకు వాడుకుంటాం.

ఈ మార్పు మనకు మంచిదా, కాదా?

అసలేం మారుతోంది?

సొంత కంప్యూటర్ ఒక్కరోజులో చేజారలేదు. మూడు మెట్లలో జరిగింది.

ముందు సాఫ్ట్‌వేర్ వెళ్లింది. ఫొటోషాప్ లాంటి వాటి కొత్త వెర్షన్లను ఒకసారి కొని పెట్టుకునే పద్ధతికి అడోబీ 2013లో స్వస్తి చెప్పి, చందా విధానానికి మారింది. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్లకు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. చందా ఆగితే సాఫ్ట్‌వేర్ ఆగుతుంది.

తర్వాత ఫైళ్లు వెళ్లాయి. ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లోకి, డాక్యుమెంట్లు డ్రైవ్‌లోకి, వన్‌డ్రైవ్‌లోకి చేరాయి. చాలామందికి ఇప్పుడు తమ ఫొటో ఫోన్‌లో ఉందో, ఎక్కడో సర్వర్‌లో ఉందో వెంటనే చెప్పడం కష్టం.

ఇప్పుడు యంత్రం వంతు. 2021లో మైక్రోసాఫ్ట్ సంస్థల కోసం విండోస్ 365 తెచ్చింది. ఇందులో కంప్యూటర్ మొత్తం క్లౌడ్‌లోనే ఉంటుంది, మన ముందు ఉండేది తెర మాత్రమే. 2025లో ఇందుకోసమే విండోస్ 365 లింక్ అనే చిన్న డబ్బాను అమ్మకానికి పెట్టింది. అందులో ఫైళ్లు దాచుకోలేం, యాప్‌లు వేసుకోలేం. మన దేశంలో రిలయన్స్ జియో అదే ఏడాది జియోపీసీ ప్రారంభించింది. సెట్‌టాప్ బాక్స్‌కు కీబోర్డు, మౌస్ తగిలిస్తే టీవీయే కంప్యూటర్ అవుతుంది.

దీనికి తోడు ధరలు. మెమరీ చిప్‌లు ఏఐ డేటా సెంటర్లకు భారీగా తరలిపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. సాధారణ కొనుగోలుదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే తన క్రూషల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు మైక్రాన్ సంస్థ 2025 డిసెంబరులో ప్రకటించింది. కొనడం భారమయ్యే కొద్దీ అద్దె చవగ్గా కనిపిస్తుంది.

అద్దెకు తీసుకుంటే తప్పేంటి?

తప్పేమీ లేదు. లాభాలు నిజంగానే ఉన్నాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటప్పుడు నీళ్లలో నానిన ల్యాప్‌టాప్‌లోని ఫైళ్ల కంటే క్లౌడ్‌లో ఉన్నవే భద్రం. ఒకేసారి 30, 40 వేలు పెట్టలేని ఇంట్లో పిల్లల చదువుకు నెలవారీ కంప్యూటర్ అక్కరకొస్తుంది.

అయితే లెక్క కూడా చూసుకోవాలి. జియోపీసీ మొదలైనప్పుడు నెల ప్లాన్ 599 రూపాయలు, జీఎస్టీ అదనం. 18 శాతం పన్ను కలిపితే దాదాపు 707 రూపాయలు. నాలుగేళ్లు కడితే దాదాపు 34 వేలు. ఇంటర్నెట్ బిల్లు వేరు. నాలుగేళ్ల తర్వాత సొంత ల్యాప్‌టాప్ అయితే పాతదైనా చేతిలో ఉంటుంది. అద్దె కంప్యూటర్ ఆపేస్తే చేతిలో ఏమీ మిగలదు.

డబ్బు కంటే పెద్ద తేడా ఇంకొకటుంది. సొంత కంప్యూటర్ ఆన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. క్లౌడ్ కంప్యూటర్‌కు ప్రతిసారీ అనుమతి కావాలి. ఇచ్చేవాళ్లు కాదంటే?

అలా ఎక్కడైనా జరిగిందా?

మన దేశంలోనే జరిగింది.

గుజరాత్‌లోని వాడినార్‌లో నయారా ఎనర్జీకి ఏటా 2 కోట్ల టన్నుల సామర్థ్యమున్న చమురు శుద్ధి కర్మాగారం ఉంది. ఈ కంపెనీలో రష్యాకు చెందిన రాస్‌నెఫ్ట్‌కు 49 శాతం వాటా ఉంది. 2025 జులై 18న ఐరోపా సమాఖ్య ఈ కంపెనీపై ఆంక్షలు విధించింది. నాలుగు రోజులకే మైక్రోసాఫ్ట్ సేవలు ఆగిపోయాయి. ఈమెయిల్ లేదు, టీమ్స్ లేదు.

లైసెన్సులకు పూర్తిగా డబ్బు కట్టామని, అయినా తమ సొంత డేటానే తమకు అందకుండా చేశారని నయారా దిల్లీ హైకోర్టుకు వెళ్లింది. జులై 30 నాటికి సేవలు తిరిగి వచ్చాయి.

కంపెనీ భారతదేశంలోది, ఆంక్షలు ఐరోపావి, సేవలు ఇచ్చేది అమెరికా సంస్థ. ఆ ఆంక్షలు మన దేశంలో చట్టం కాదు. అయినా మెయిల్ ఆగింది. ఇంత పెద్ద సంస్థ కాబట్టి వెంటనే హైకోర్టు తలుపు తట్టగలిగింది. అకౌంట్ లాక్ అయిన డిగ్రీ విద్యార్థి ఎక్కడికి వెళ్లాలి?

కరెంటుతో పోలిక సరైనదేనా?

"ఇంట్లో జనరేటర్ పెట్టుకుని కరెంటు తయారుచేసుకుంటున్నామా? స్విచ్ వేస్తాం, బిల్లు కడతాం. కంప్యూటర్ కూడా అంతే" అనేది క్లౌడ్‌ను సమర్థించేవారు తరచూ చెప్పే మాట. మంచి పోలికే. కానీ దాన్ని సగంలో ఆపేయకూడదు.

బిల్లు కట్టకపోయినా డిస్కమ్ మన కరెంటు వెంటనే కత్తిరించలేదు. విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లుపై వివాదం ఉంటే, అభ్యంతరం తెలుపుతూనే సొమ్ము జమ చేసిన వినియోగదారుకు సరఫరా ఆపకూడదు. ఛార్జీలు డిస్కమ్ ఇష్టం కాదు, విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరిపి తేలుస్తుంది. ఫిర్యాదులకు పరిష్కార వేదిక ఉంది, దానిపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు.

క్లౌడ్ వినియోగదారుకు వీటిలో ఏది ఉంది? ఉన్నదల్లా మనం చదవకుండా 'ఐ అగ్రీ' నొక్కిన షరతుల పత్రం. ధర ఎప్పుడు పెంచాలో, ఏ సేవ ఎప్పుడు మూసేయాలో కంపెనీయే రాసుకుంటుంది.

ప్రభుత్వ సేవలకు ఏం సంబంధం?

చాలా ఉంది. ఎందుకంటే ప్రభుత్వాలు కూడా ఇదే దారిలో నడుస్తున్నాయి.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో మంటలు రేగాయి. వందల ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. ఉద్యోగులు ఆఫీసు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ కాలిపోయింది. అందులో 858 టెరాబైట్ల డేటా ఉంది. బయట ఎక్కడా రెండో కాపీ లేదు. ఫైళ్లను ఆఫీసు కంప్యూటర్లలో కాకుండా అందులోనే పెట్టాలని ఉద్యోగులకు అంతకుముందే సూచనలున్నాయి. ఆ సూచన పాటించినవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

అది ప్రైవేటు క్లౌడ్ కాదు, ప్రభుత్వానిదే. క్లౌడ్ ఎవరిదన్నది ఒక ప్రశ్న అయితే, రెండో కాపీ ఎక్కడన్నది అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న.

మన దగ్గర డిజీలాకర్ పరిస్థితి కొంత మెరుగు. సంబంధిత శాఖలు జారీచేసి అందులో కనిపించే పత్రాలకు అసలు పత్రాలతో సమాన చెల్లుబాటు ఉంది. డిజీలాకర్ తెరుచుకోకపోయినా అసలు రికార్డు జారీచేసిన బోర్డు లేదా శాఖ దగ్గర ఉంటుంది. మనం స్కాన్ చేసి అప్‌లోడ్ చేసుకున్న కాగితాలకు మాత్రం ఈ రక్షణ లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. క్యూలో నిలబడే పని తప్పడం పెద్ద వెసులుబాటు. అయితే ఆ తలుపు మెటా కంపెనీది. భారత్‌లో నెలనెలా లక్షల ఖాతాలను నిషేధిస్తున్నట్లు వాట్సాప్ తన నివేదికల్లోనే చెబుతోంది. వీటిలో ఎక్కువ మోసాలు, స్పామ్ అరికట్టడానికే కావచ్చు. పొరపాటున ఆ జాబితాలో చేరిన మనిషికి కుల ధ్రువీకరణ పత్రం ఆగకూడదు. అందుకే మీసేవ కౌంటర్, సచివాలయం కిటికీ మూతపడకుండా ఉండాలి.

చట్టం ఏమంటోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 మన డేటాను సరిదిద్దించుకునే, తొలగించమని అడిగే హక్కులిచ్చింది. కానీ డేటాను మూటగట్టుకుని మరో కంపెనీకి మారే హక్కు అందులో లేదు. 2019 నాటి బిల్లులో అది ఉండేది, తర్వాత పోయింది.

ఐరోపాలో పరిస్థితి వేరు. 2025 సెప్టెంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన డేటా చట్టం ప్రకారం, ఒక క్లౌడ్ నుంచి మరో క్లౌడ్‌కు మారేవారికి కంపెనీలు అడ్డుపడకూడదు. 2027 జనవరి 12 నుంచి అలా మారినందుకు ఛార్జీ కూడా వసూలు చేయకూడదు.

మన దగ్గర వినియోగదారుల రక్షణ చట్టం 2019 కొంత పనికొస్తుంది. సరైన కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసే వీలిచ్చే ఒప్పందాన్ని అది అన్యాయమైన ఒప్పందాల్లో చేర్చింది. దీనిపై రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. అయితే ఈ చట్టంలో వినియోగదారు అంటే ప్రతిఫలం చెల్లించి సేవ పొందేవారు. ఉచిత ఖాతాలున్నవారికి ఈ దారి కష్టమే.

మరి మనం ఏం చేయాలి?

"నాకు కంప్యూటరే లేదు, ఫోనే ఉంది" అనుకునేవారికే ఇది ఎక్కువ అవసరం.

ఒకటి, రెండో కాపీ. గూగుల్ టేక్‌అవుట్ ద్వారా ఫొటోలు, మెయిల్స్, డ్రైవ్ ఫైళ్లను డౌన్‌లోడ్ చేసి హార్డ్ డిస్క్‌లో పెట్టుకోండి. ఏడాదికి రెండుసార్లు చేసినా చాలు.

రెండు, వాడని ఖాతాలు. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగిస్తోంది. చనిపోయిన నాన్న ఫొటోలు ఆయన జీమెయిల్‌లోనే ఉంటే ముందు వాటి సంగతి చూడండి. మీ ఖాతాకు 'ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్'లో ఇంట్లోవాళ్లను నామినీలా పెట్టుకోవచ్చు.

మూడు, ఫోన్ నంబర్. డిజీలాకర్, ఈమెయిల్, బ్యాంకు అన్నీ ఒకే నంబర్‌పై ఉంటే రీఛార్జి మరిచిపోవద్దు. నంబర్ మారితే ముందు ఆధార్‌లో మార్పించుకోండి.

నాలుగు, పాత కంప్యూటర్. విండోస్ 11 రాదని తక్కువ ధరకు అమ్మేయకండి. ఉచితంగా దొరికే లినక్స్ చాలా పాత కంప్యూటర్లలో చక్కగా నడుస్తుంది. పిల్లల చదువుకు, ఫైళ్లు దాచుకోవడానికి సరిపోతుంది.

ఐదు, అద్దె కంప్యూటర్ తీసుకుంటే మొదటి రోజే ఈ మూడు అడగండి: సేవ ఆపేస్తే నా ఫైళ్లు ఎన్ని రోజులు ఉంచుతారు? వాటిని ఎలా తీసుకెళ్లాలి? ఫిర్యాదు చేస్తే మాట్లాడేది మనిషేనా?

ఇవి మన వరకు మనం చేసుకునేవి. నోటీసు లేకుండా ఆపకూడదన్న నిబంధన, ఫిర్యాదు వినే వేదిక, డేటాతో సహా మారిపోయే హక్కు మాత్రం ప్రభుత్వాలే ఇవ్వాలి. డేటా సెంటర్లకు భూములు, కరెంటు, రాయితీలు ఇస్తున్న ప్రభుత్వాలను ఈ మూడూ అడగడం న్యాయమే.