దూరమే దయ

విశాఖపట్టణం అనగానే నౌకాశ్రయం, ఉక్కు కర్మాగారం స్ఫురిస్తాయి. ఆ నగరాన్ని ఆనుకొని ఉన్న కంబాలకొండ 2002లో వన్యప్రాణుల అభయారణ్యమైంది. అటువంటి అడవులలో 10 సెంటీమీటర్ల తేనెపిట్టను సైతం దూరం నుండే దగ్గరగా చూపడం టెలిఫొటో కటకం ప్రయోజనం. ఛాయాచిత్రాల వల్ల పక్షులపై మక్కువ పెరుగుతుందన్నది నిజమే. అయితే కొందరు ఆ కటకం చేత ఉండి కూడా గూటిని సమీపిస్తారు. అడ్డుగా ఉన్న కొమ్మలను విరుస్తారు. నీడ కోల్పోయిన పిల్లలు ఎండకు సొమ్మసిల్లుతాయి, కాకుల కంటపడతాయి. బెదరిన తల్లి మేత తేవడానికి వెనుకాడుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పక్షుల గూళ్లను చెదరగొట్టడాన్ని కూడా వేటగానే నిర్వచించింది. తుపాకికి బదులు కెమెరా పట్టినంత మాత్రాన ఆ దోషం తొలగదు. కనుక పక్షి బెదరినట్లు తోచిన క్షణమే వెనుదిరగాలి. చిత్రం చేజారినా గూడు నిలవడమే మేలు.