గొంతు తీసేస్తే వాద్యసంగీతం అయిపోతుందా?

తమిళనాడులో హోసూరు దగ్గర, మా కెలమంగలంలో ఏ పెండ్లికైనా పోండి. నాదస్వరం ఆయన కల్యాణి రాగం ఎత్తుకుని నాలుగు సంగతులు వేసేలోపే ముందు వరుసలోంచి ఒక కేక: "అన్నా, సినిమా పాట వాయించన్నా!" వాయిస్తాడు. డబ్బిచ్చేది మనం కదా.

మనకు వాద్యం వినడం చేతకాదు. వాద్యంలో కూడా మాటలే వెతుక్కుంటాం. క్యాసెట్లవాళ్ళు ఈ బలహీనత ఎప్పుడో పసిగట్టారు. మన 'ఇన్‌స్ట్రుమెంటల్' అంటే ఏమిటి? ఘంటసాలో బాలసుబ్రహ్మణ్యమో ఖాళీ చేసిన ఇంట్లోకి శాక్సఫోను అద్దెకు దిగడం. అదే పల్లవి, అవే చరణాలు. వాద్యానికి సొంతంగా చెప్పుకునేది ఏమీ లేనట్టు!

పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ దగ్గర చెప్పడానికి బోలెడంత ఉండేది. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు ఆ గమకాన్ని, అంటే స్వరం ఊగే వంపును, తీగ మీద వెతికి పట్టేవాడు. కానీ మాండలిన్ తీగ మీటగానే నాదం చచ్చిపోతుంది, గమకానికేమో నిలిచే నాదం కావాలి. అందుకే జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. 1983లో, పద్నాలుగేళ్ళకే, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు.

ఇంగ్లీషు రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ నుంచి 1995లో శ్రీనివాస్ ఆల్బమ్ 'డ్రీమ్' వచ్చింది. తోడు కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్. ఈ బ్రూక్ ఎవరనుకున్నారు? మీటిన స్వరం ఆగకుండా మోగేలా 'ఇన్‌ఫినిట్ గిటార్' తయారు చేసుకున్నవాడు. ఇద్దరి తపనా ఒకటే, నాదం నిలవాలి! తూర్పూ పడమరా కలిశాయని గొప్పలు పోయేవాళ్ళకు ఈ సంగతి పట్టదు. ఆ ఆల్బమ్ వాద్యంలోంచి పుట్టింది, ఏ పాట పొట్టులోంచీ కాదు.

శాస్త్రీయం చెడిందని మూతి ముడిచేవాళ్ళు సరేసరి. మాండలిన్ కర్ణాటక సంగీతానికి పనికిరాదన్న బాపతే వాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం మాట్లాడే మా ఊరివాళ్ళకా వీళ్ళు కలగలుపు తప్పని చెప్పేది?

అయినా నా కోపం వాళ్ళ మీద కాదు, మన మీద. 2014లో, నలభై ఐదేళ్ళకే శ్రీనివాస్ పోతే 'మన తెలుగుబిడ్డ' అని కళ్ళొత్తుకున్నాం. బతికుండగా ఎంతమందిమి కొన్నాం ఆయన ఆల్బమ్?

అలాంటి ఆల్బమ్ మన పల్లెల్లోనూ చేయొచ్చు. పల్లెలో ఆల్బమేమిటని నవ్వకండి. రియల్ వరల్డ్ స్టూడియో ఉన్నది బాక్స్ అనే ఇంగ్లీషు పల్లెలో, ఒక పాత మిల్లులో. హోసూరు చుట్టుపక్కల పెండ్లి ట్రూపుల్లో కీబోర్డూ ప్యాడ్లూ వాయించే కుర్రాళ్ళకు ఇవాళ ఒక కంప్యూటరు, రెండు మైకులు, చప్పుడు లేని గది చాలు. వాళ్ళకు లేనిది వినేవాడు. మీ ఇంటి పెండ్లిలో అరగంట వాళ్ళ సొంత బాణీలు వాయించమనండి. ఆ అరగంటకు విడిగా డబ్బివ్వండి, టీ ఇచ్చి సరిపెట్టకండి.