పొగ కడిగిన నీళ్లు

2020 జనవరి 1న ఓడల ఇంధనంలో గంధకం హద్దు 3.5 శాతం నుంచి 0.5 శాతానికి దిగింది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ తెచ్చిన నియమాల్లో జనానికి ఇంత మేలు చేసినవి తక్కువ. రేవు పట్టణాల్లో ఓడల పొగ పీలుస్తూ బతికేవాళ్లకు దానివల్ల కాస్త ఊపిరాడింది. కానీ ఆ నియమానికి ఒక పక్కదారి ఉంది. పొగను కడిగే స్క్రబ్బర్ బిగించుకున్న ఓడ పాత మడ్డి ఇంధనాన్నే కాల్చుకోవచ్చు. ఐదు వేలకు పైగా ఓడలు ఆ దారి పట్టాయి. ‘స్క్రబ్బర్ ఉంది, నిబంధన పాటిస్తున్నాం, ఇంకేం కావాలి?’ అన్నది ఇవాళ షిప్పింగ్ రంగంలో చెలామణిలో ఉన్న మాట. ఆ మాట తప్పు.

ఎక్కువ ఓడల్లో ఉన్నది ఓపెన్ లూప్ స్క్రబ్బర్. సముద్రపు నీటిని తోడి పొగ మీద జల్లుగా కురిపిస్తారు. నీటిలోని క్షారగుణం గంధకపు ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఆ నీళ్లు మళ్లీ సముద్రంలోకే పోతాయి. ఐఎంఓ మార్గదర్శకాలు ప్రమాణంగా తీసుకున్న లెక్క మెగావాట్-గంటకు 45 టన్నుల నీరు. ఇంజిన్ 10 మెగావాట్ల మీద నడుస్తుంటే గంటకు 450 టన్నులు, రోజుకు పది వేల టన్నులు దాటుతుంది. ఆ రోజు కాలే ఇంధనం నలభై టన్నుల పైమాటే. 3.5 శాతం రకంలో టన్నుకు 35 కిలోల గంధకం ఉంటే, 0.5 శాతం రకంలో 5 కిలోలే ఉంటుంది. టన్నుకు ఆ తేడా 30 కిలోలు గాలిలో కలవలేదు, నిజమే. నీటిలో కలిసింది.

‘సముద్రంలో సల్ఫేట్ ఎలాగూ ఉంది కదా’ అంటారు స్క్రబ్బర్ పక్షం వాళ్లు. ఉంది, లీటరుకు 2.7 గ్రాముల దాకా ఉంది. దిగేది గంధకమొక్కటే అయితే నాకూ ఇంత అభ్యంతరం ఉండేది కాదు. మడ్డిలో వనేడియం, నికెల్ ఉంటాయి. పొగలో పాలీ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. అవన్నీ ఆ ఆమ్లపు నీటితో పాటే దిగుతాయి. కోపిపాడ్‌లనే చిన్న సముద్ర జీవులు చేపపిల్లలకు తిండి. స్క్రబ్బర్ నీరు కొద్దిపాటి గాఢతలో కలిసినా వాటి ఎదుగుదల దెబ్బతింటుందని స్వీడన్ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది. నడిసముద్రంలో పలచబడిపోతుందనే సమాధానం నౌకా మార్గాలకు చెల్లదు. ఓడలు సముద్రమంతా సమానంగా చెదిరి తిరగవు. అవే దారుల్లో, అవే రేవుల ముందు, ఒకదాని వెనక ఒకటి నడుస్తాయి.

దీన్ని చట్టం ఒప్పుకుందనే వాదన ఇంకా బలహీనం. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం 195వ అధికరణం చాలా స్పష్టంగా ఉంది: కాలుష్యాన్ని ఒకచోటి నుంచి మరోచోటికి తరలించకూడదు, ఒక రకాన్ని మరో రకంగా మార్చకూడదు. ఓపెన్ లూప్ చేసే పని సరిగ్గా అదే. ఓడల కాలుష్యంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం మార్పోల్ ఆరో అనుబంధంలోని నాలుగో నియమం ‘సమానమైన పద్ధతి’ పేరుతో దానికి చోటిచ్చింది. గాలి ఒక్కదాన్నే కొలిస్తే సమానమే. నీటినీ కలిపి కొలిస్తే?

అసలు సంగతి డబ్బు. మడ్డి ఇంధనానికీ తక్కువ గంధకం ఇంధనానికీ ధరలో తేడాను బంకర్ (ఓడల ఇంధనం) వ్యాపారులు ‘స్ప్రెడ్’ అంటారు. 2020 జనవరిలో సింగపూర్‌లో అది టన్నుకు 300 డాలర్ల దరిదాపుల్లో ఉంది. కొన్ని నెలల్లో చమురు ధరలు కూలాక బాగా పడిపోయింది, తర్వాత మళ్లీ లేచింది. లక్షల డాలర్లు పోసి పరికరం పెట్టాం, ఇప్పుడు నిషేధిస్తే మునిగిపోతామని యజమానులు వాపోతారు. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ఈ మాటను లెక్కకట్టి చూశారు. ఓపెన్ లూప్ బిగించిన ఓడల్లో అత్యధిక భాగానికి ఐదేళ్లలోపే పెట్టుబడి తిరిగి వచ్చేసింది. 2022 చివరికి మిగులు 470 కోట్ల యూరోలు. ఒక్క బాల్టిక్ సముద్రానికే జరిగిన నష్టాన్ని 68 కోట్ల యూరోలకు పైగా అంచనా కట్టారు. లాభం ఓడ యజమానులది, నష్టం చేపలు పట్టుకునేవాళ్లది.

మడ్డిని ఓడలు కాల్చకపోతే రిఫైనరీలు ఏం చేసుకుంటాయన్నది మరో వాదన. దాన్ని తేలికపాటి ఇంధనాలుగా విరగ్గొట్టే యూనిట్లు దశాబ్దాలుగా ఉన్నాయి. మన విశాఖలో హెచ్‌పీసీఎల్ ‘రెసిడ్యూ అప్‌గ్రేడేషన్’ యూనిట్ తలపెట్టింది కూడా అందుకే. చవకగా కొనే ఓడ ఉన్నంతకాలం అలాంటి ఖర్చు పెట్టే తొందర ఏ రిఫైనరీకీ ఉండదు.

సింగపూర్ సంగతి చూడండి. ప్రపంచంలో అతిపెద్ద బంకర్ రేవు అది. 2024లో అక్కడ సుమారు 5.5 కోట్ల టన్నుల ఇంధనం అమ్ముడైతే, మూడో వంతుకు పైగా ఎక్కువ గంధకం రకమే. అయినా ఓపెన్ లూప్ నీటిని తన రేవు జలాల్లో వదలకూడదని 2020 నుంచే నిషేధించింది. యూఏఈలోని ఫుజైరా రేవుదీ అదే బాట. డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్ 2025 జులై నుంచి తమ జలాల్లో తలుపు మూశాయి. తమ ముంగిట వద్దన్నది నడిసముద్రంలో మాత్రం ఎలా మంచిదవుతుంది?

దేశదేశానా ఇలా తలుపులు మూస్తే ఓడ రేవు దగ్గర ఇంధనం మార్చి, హద్దు దాటాక మళ్లీ మడ్డికి తిరుగుతుంది. కాబట్టి మార్చాల్సింది నాలుగో నియమాన్నే. ‘సమానమైన పద్ధతుల’ నుంచి ఓపెన్ లూప్‌ను తీసేయాలి. కొత్త ఓడలకు వెంటనే, పాతవాటికి తేదీ పెట్టి. ఐఎంఓలో ఈ సవరణ కోరే దేశాల వరసలో భారతదేశం నిలబడాలి. పెట్టుబడి వెనక్కి వచ్చిన ఓడలకు పరిహారం ఇవ్వనక్కర్లేదు.