తెలుగు పాఠాలకు తాళాలెందుకు?

ఆన్‌లైన్‌లో తెలుగు నేర్చుకుందామంటే ఏమీ దొరకదని అందరూ అంటుంటారు. దొరకకపోవడమేమిటి? ఒకటో తరగతి వాచకం నుంచి పదో తరగతి ఉపవాచకం దాకా పీడీఎఫ్‌లున్నాయి. పాత నిఘంటువుల స్కాన్లు కుప్పలుగా ఉన్నాయి. జనం డబ్బుతో తయారైన సరుకు జనానికే అక్కరకు రాకుండా పడి ఉంది. నా కోపమంతా దాని మీదే.

అనుమానముంటే ఒక పని చేయండి. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కూర్చిన పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ఒకటి తెరవండి. అందులో ‘అమ్మ’ అన్న మాటను కాపీ చేసి గూగుల్‌లో అతికించండి. అమ్మ రాదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, తలాతోకా లేని గుర్తులు వస్తాయి. కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం కాదు. అందుకే ఆ పాఠం వెతికితే దొరకదు. చూపు లేనివారికి చదివిపెట్టే సాఫ్ట్‌వేర్‌కి దాని ముందు నోరు పెగలదు. డాలస్‌లో ఆదివారం బడి నడిపే తల్లి అదే పాఠాన్ని రాత్రిళ్లు కూర్చుని మొదటినుంచి టైపు చేసుకోవాలి. ఏ కంప్యూటరైనా అక్షరాలను గుర్తుపట్టేలా చేసే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. మూడు దశాబ్దాలు దాటాక కూడా సాంకేతిక ఇబ్బందులంటే నేను నమ్మను. పట్టింపు లేదు, అంతే.

అసలు నేర్చుకునేది ఎవరో ఆలోచించిన నాథుడున్నాడా? మా కాలనీ ఆస్పత్రిలో కేరళ నుంచి వచ్చిన నర్సమ్మ ఉంది. ‘ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి’ అని అడగడం ఆమెకు రావాలి. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ ‘కడుపుల నొస్తున్నది బిడ్డా, పానం మంచిగ లేదు’ అంటే అర్థం కావాలి. ఫోన్లో వెతికితే దొరికినవి అఆలు, అంకెలు, రంగుల పేర్లు. ‘ౠ’ దగ్గర ఆగి, ఇది ఎక్కడ వాడతారని నన్నడిగింది. ఏం చెప్పను? బీహార్ నుంచి వచ్చిన తాపీమేస్త్రికీ, బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఆఫీసరుకీ ముందు కావలసింది మాట. తెలంగాణ, రాయలసీమ, కళింగాంధ్ర మాటల్ని మనుషుల గొంతుల్లో రికార్డు చేసి, పక్కనే రాతలో పెట్టిన పాఠాలు ఈపాటికి వందల్లో ఉండాలి. అక్షరాలు తర్వాత వాళ్లే నేర్చుకుంటారు.

డుయోలింగోలో స్టార్‌ట్రెక్ కోసం కల్పించిన క్లింగాన్ నేర్చుకోవచ్చు, తెలుగు నేర్చుకునే కోర్సు లేదు. దీని మీద గోలపెట్టే వాళ్లతో నేను గొంతు కలపను. అది వాళ్ల వ్యాపారం. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల 11 లక్షల మంది మాతృభాష, రెండు రాష్ట్రాల పాలన నడిచే భాష, ఒక అమెరికా కంపెనీ దయకోసం ఎందుకు ఎదురుచూడాలి? బ్రౌన్ నిఘంటువును నెట్‌లో వెతుక్కునేలా పెట్టింది షికాగో విశ్వవిద్యాలయం. ఆంధ్రభారతి సైటులో ఎన్నో నిఘంటువులను ఒకచోట చేర్చింది భాషాభిమానులు. వికీసోర్స్‌లో పాత పుస్తకాలను పేజీ పేజీ దిద్దుతున్నది జీతం భత్యం లేని వలంటీర్లు. వాళ్లందరికీ దండం పెడతాను. ఇంతమంది ఉద్యోగులు, ఇన్ని శాఖలు, ఇంత బడ్జెట్ ఉన్న ప్రభుత్వాలకు ఆ పని చేతకాదా?

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమంటూ గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. ఆయన సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లల కోసం వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు, నిఘంటువు కూర్చారు. ఆయన పేరు మీద ఉపన్యాసాలిక చాలు. ఈసారి ఆ రోజున పాఠ్యపుస్తకాలనూ, ప్రభుత్వం వేయించిన నిఘంటువులనూ యూనికోడ్‌లోకి మార్చి, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే లైసెన్సుతో విడుదల చేయండి. ఇకమీదట యూనికోడ్ ఫైలు చేతికి రాని ఏ పుస్తకానికీ డీటీపీ బిల్లు పాస్ చేయకండి.