మురుగునీరు – పెన్నానది

ఎఱ్ఱగుంట్ల చేరువను, కలమళ్ల యొద్ద, రాయలసీమ తాపవిద్యుత్కేంద్రము 1994 నుండి నడచుచున్నది. దాని యంత్రములను చల్లార్చుటకు మైలవరము జలాశయపు నీరు పోవుచున్నది. ఆ జలాశయముమీదనే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల రైతులును ఆశపెట్టుకొని యున్నారు. క్షామము మనకు క్రొత్త చుట్టము కాదు. అట్టి సీమలో మంచినీటిని యంత్రములకు పోసి, పట్టణముల మురుగును వ్యర్థముగ పోనిచ్చుట వివేకమా?

ఉపాయము లేకపోలేదు. సన్నని పొరలగుండ నీటిని ఒత్తిడితో నెట్టి మలినమును, లవణమును వేఱుచేయు విద్య నేడు స్థిరపడినది. 1959 ప్రాంతమున కాలిఫోర్నియాలో అట్టి పొరను కార్యసాధకముగ నిర్మించిన యిరువురిలో నొకరు భారతదేశమున జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ గారు. చెన్నపట్టణమున 2019లో రెండు శుద్ధికేంద్రములు వెలసినవి. ఒక్కొక్కటి దినమునకు 4.5 కోట్ల లీటర్ల నీటిని పరిశ్రమల కీయగలది.

మురుగు శుద్ధికేంద్రమునకు 50 కిలోమీటర్లలోపలనున్న తాపవిద్యుత్కేంద్రములు ఆ శుద్ధజలమునే వాడవలెనని 2016 నాటి విద్యుత్ టారిఫ్ విధానము శాసించినది. ప్రొద్దుటూరు పట్టణము ఆ దూరమునకు ఎంతో లోపల నున్నది. వ్యయమును విద్యుత్ ధరలో కలుపుకొనుటకును ఆ విధానమే యనుమతించినది. పొరలు పూడుకొనిపోవుట, మిగిలిన చిక్కని ఉప్పునీటిని అపాయములేకుండ తొలగించుట నిజమైన కష్టములే. అసాధ్యములు మాత్రము కావు.

అయిన నొక లోపమున్నది. కేంద్రమునకు పెట్టిన వ్యయము దక్కునను హామీ కలదు; మిగిలిన నీరు రైతునకు దక్కునను హామీ లేదు. కావున మురుగునుండి ఎంత నీరు గ్రహింతురో అంత నీటిని మైలవరపు ఆయకట్టునకు విడువవలెనని ప్రభుత్వము ఉత్తర్వు చేయవలెను. లేనిచో మిగిలిన నీటిని మఱియొక కర్మాగారము త్రాగును. దాని వెలను మాత్రము దీపము వెలిగించుకొను ప్రతి గృహస్థుడును చెల్లించును.