గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్: నెల్లూరు తీరం విద్యార్థులకు అసలు అడ్డంకి కోడింగేనా?

ఈఏపీసెట్ ర్యాంకుతో పనిలేదు. ఏ కాలేజీ అన్నది అర్హత కాదు. క్యాంపస్‌కు పెద్ద కంపెనీలు రాకపోయినా ఫర్వాలేదు. కావలి, అల్లూరు, మైపాడు, ముత్తుకూరు... ఎక్కడి ఇంట్లో కూర్చునైనా ప్రపంచస్థాయి సాఫ్ట్‌వేర్‌కు కోడ్ రాసే ఛాన్స్. అదే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్. మరి ఇందులో చోటు దక్కాలంటే ఏం కావాలి?

ఏంటీ ప్రోగ్రామ్?

గూగుల్ 2005లో దీన్ని మొదలుపెట్టింది. మొదట్లో విద్యార్థులకే పరిమితం. 2022 నుంచి 18 ఏళ్లు నిండిన, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్లందరికీ తలుపులు తెరిచారు. ఇది గూగుల్‌లో ఉద్యోగం కాదు. వికీమీడియా, డెబియన్, లిబ్రేఆఫీస్ లాంటి సంస్థల్లో ఏదో ఒకదానికి పనిచేయాలి. పక్కనుండి నేర్పే మెంటార్లు కూడా ఆ సంస్థల వాళ్లే. 2025లో ఇలాంటి సంస్థలు 185 పాల్గొన్నాయి.

డబ్బులెంత?

ఆయా దేశాల జీవన వ్యయాన్ని బట్టి స్టైపెండ్ ఉంటుంది. 2025 లెక్కల ప్రకారం భారత్‌లో ఉన్నవారికి 90 గంటల ప్రాజెక్టుకు 750 డాలర్లు, 175 గంటలకు 1,500, 350 గంటలకు 3,000. అంటే మధ్యస్థాయి ప్రాజెక్టుకే లక్ష రూపాయలు దాటుతుంది. అదే పనికి కొన్ని దేశాల వాళ్లకు రెట్టింపు వస్తుంది. న్యాయమా అంటే చర్చ ఉంది. కానీ రొయ్యల చెరువు మీదో, వేట మీదో ఆధారపడిన ఇంటికి ఇది చిన్న మొత్తమేమీ కాదు.

తేడా ఎక్కడ కొడుతోంది?

అప్లికేషన్లు సాధారణంగా మార్చి, ఏప్రిల్‌లో తీసుకుంటారు. అప్పుడు నిద్ర లేస్తే ఆలస్యమైనట్టే! మెంటార్లు ముందుగా చూసేది ప్రపోజల్ ఒక్కటే కాదు. ఆ విద్యార్థి అంతకుముందు నెలల్లో ఏ బగ్ సరిచేశాడు, తప్పు చెబితే ఎలా దిద్దుకున్నాడు అన్నదీ చూస్తారు. అంటే నవంబర్, డిసెంబర్‌లోనే పని మొదలవ్వాలి. నెల్లూరు తీరానికి అది వానలు, తుపాన్ల కాలం. కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో తెలియని రోజులు. పైగా సెమిస్టర్ పరీక్షలు.

రెండో అడ్డంకి ఇంగ్లీష్. గ్రామర్ తప్పులు పెద్ద సమస్య కాదు. "నాకు ఇక్కడ అర్థం కాలేదు" అని అందరూ చూసే చోట అడగడానికే చాలామంది జంకుతారు. ఓపెన్ సోర్స్‌లో మొదటి పరీక్ష అదే.

ఇక ఏఐతో రాయించిన ప్రపోజల్స్. ఇవి కుప్పలుగా వస్తున్నాయని సంస్థలే తలపట్టుకుంటున్నాయి. 2025లో 15 వేల మందికి పైగా అప్లై చేస్తే ఎంపికైంది 1,300 లోపే. అంటే పన్నెండు మందిలో ఒకరికి అటూఇటూ. ఆ పోటీలో కాపీ చేసిన ప్రపోజల్ నిలబడటం కష్టం.

ఏం చేయాలి?

ముందు ఒక్క సంస్థను ఎంచుకోవాలి. మూడు ప్రపోజల్స్ దాకా పంపొచ్చు కానీ ఒక్కటి బలంగా ఉండటమే మేలు. తెలుగు అక్షరాలు ఎక్కడ విరిగిపోతున్నాయో చెప్పడం కూడా మంచి మొదటి అడుగే. తెలుగు చదవగలిగినవాడికే ఆ తప్పు కనిపిస్తుంది. ప్రపోజల్‌లో సమస్య ఏంటి, ఎలా పరిష్కరిస్తారు, ఏ వారం ఏం పూర్తవుతుంది అన్నది రాయాలి. పరీక్షల తేదీలు దాచొద్దు. 175 గంటల పని 12 వారాలకు పంచితే వారానికి దాదాపు 15 గంటలు పడుతుంది.

ఒక హెచ్చరిక: దీనికి ఫీజు లేదు. సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బులడిగితే నమ్మొద్దు.

రాకపోతే?

పన్నెండు మందిలో పదకొండు మందికి రాదు. ఇంట్లో "అన్ని నెలలు వృథా చేశావే" అనొచ్చు. కానీ సంస్థ తీసుకున్న కోడ్ ఎక్కడికీ పోదు. రాసినవాళ్ల పేరుతో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. క్యాంపస్‌కు కంపెనీ రాని చోట, ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? కాలేజీలు ఈ సంగతి మార్చిలో నోటీసు బోర్డుపై పెడితే లాభం లేదు. వానలు మొదలవకముందే చెప్పాలి.