పలక రాయి చదివితే అంగారకుడి గాలీ అర్థమవుతుంది!

కంభంలో రైలెక్కితే గిద్దలూరు, దిగువమెట్ట దాటాక చెలమ వస్తుంది. నల్లమల మధ్యలో చిన్న స్టేషన్. మనం కిటికీలోంచి ఓసారి చూసి మళ్లీ ఫోన్‌లో పడిపోతాం. కానీ రాళ్ల మీద పరిశోధన చేసేవాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. అక్కడి కొండల్లో లాంప్రాయిట్ అనే అరుదైన రాయి, పాత రాళ్లను చీల్చుకుని సన్నటి గోడల్లా నిలబడి ఉంది. సుమారు 140 కోట్ల ఏళ్ల కిందట, వంద కిలోమీటర్లకు పైగా లోతు నుంచి కరిగి పైకి తన్నుకొచ్చిన రాయి అది.

అదే రైల్లో నంద్యాల దాకా వెళ్లి బనగానపల్లె వైపు పోతే జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల కింద తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు గాలి మోసుకొచ్చిన బూడిద. రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం! మైఖేల్ పెట్రాగ్లియా, కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిసెట్టర్ బృందం ఆ పొరకి కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు దొరికాయని 2007లో సైన్స్ పత్రికలో రాస్తే ప్రపంచమంతా ఆసక్తిగా చదివింది.

అగ్నిపర్వతం, గాలి. బేస్తవారిపేట నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రంలోపు రెండింటి ఆనవాళ్లూ చూసి రావచ్చు. సరిగ్గా ఈ రెండు విషయాలనే పట్టుకుని, చంద్రుడి నుంచి గురుగ్రహపు ఉపగ్రహాల దాకా జీవితాంతం చదివినవాళ్లున్నారు. వాళ్ల వృత్తి పేరు ప్లానెటరీ జియాలజీ, అంటే గ్రహాల భూగర్భశాస్త్రం. మీ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో అది కనిపించదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: సీఎస్‌ఈ, ఏఐ, డేటా సైన్స్ అని వరసగా నింపేసే ముందు, ఆలోచించాల్సిన జాబితాలో దీనికీ ఒక గడి ఉంచండి.

శిలాజాల నుంచి గ్రహాలకు

రొనాల్డ్ గ్రీలీ పేరు మీరు విని ఉండకపోవచ్చు. 1939లో అమెరికాలో పుట్టాడు. ఆయన పీహెచ్‌డీ చేసింది ఏ గ్రహం మీదో కాదు, సముద్ర జీవుల శిలాజాల మీద! 1966లో పట్టా తీసుకుని ఒక చమురు కంపెనీలో చేరాడు. మరుసటి ఏడాది సైనిక విధుల్లో భాగంగా ఆయన్ను కాలిఫోర్నియాలోని నాసా ఏమ్స్ పరిశోధన కేంద్రానికి పంపారు. అపోలో యాత్రలకి ఏర్పాట్లు జరుగుతున్న రోజులవి. చంద్రుడి నేల ఎలా ఉంటుందో చెప్పగల భూగర్భశాస్త్రవేత్తలు కావాల్సి వచ్చారు. పని పూర్తయ్యాక కూడా ఆయన అక్కడే ఉండిపోయాడు. 1977లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి, 2011లో చనిపోయేదాకా అక్కడే పాఠాలు చెప్పాడు.

చంద్రుడి మీద లావా ఎలా పారిందో తెలియాలంటే ముందు భూమ్మీద లావా చూడాలి. అందుకే హవాయి దీవుల్లో, ఇడాహోలో లావా మైదానాల మీద తిరిగాడు. లావా పారిపోయాక మిగిలే సొరంగాలను కొలిచాడు. వేరే గ్రహం గురించి మాట్లాడాలంటే ఇక్కడి రాయిని చేత్తో పట్టుకుని ఉండాలి. ఈ రంగంలో మొదటి పాఠం ఇదే.

గాలి లెక్క వేరే

1971 నవంబరులో మెరైనర్-9 నౌక అంగారకుణ్ని చేరేసరికి గ్రహమంతా దుమ్ము తుపాను. ఫొటోల్లో ఏమీ కనిపించలేదు, నాలుగు నల్లటి మచ్చలు తప్ప. దుమ్ము దిగాక తెలిసింది, అవి భారీ అగ్నిపర్వతాల శిఖరాలని. అందులో ఒలింపస్ మోన్స్ ఎత్తు దాదాపు 22 కిలోమీటర్లు. మన ఎవరెస్ట్ దానిముందు సగం కూడా రాదు. మన మంగళ్‌యాన్ 2014 సెప్టెంబరులో అక్కడికి చేరాక పంపిన తొలి ఫొటోల్లోనూ దుమ్ము తుపాను కనిపించింది.

ఇక్కడో ఇంజినీరింగ్ ప్రశ్న. అంగారకుడి మీద వాతావరణ పీడనం మన దగ్గరున్న దాంట్లో 1 శాతం కూడా ఉండదు. అంత పల్చటి గాలి ఇసుకని ఎలా లేపుతుంది? ఊహిస్తే సరిపోదు, కొలవాలి. ఏమ్స్ కేంద్రంలో పెద్ద గదిలోంచి గాలి తోడేసి, అంగారకుడి పీడనం వచ్చేలా చేసి, లోపల 13 మీటర్ల విండ్ టన్నెల్ నడిపారు. భూమ్మీద ఇసుక లేవడానికి చాలిన గాలి అక్కడ చాలదని, దానికి ఎన్నో రెట్ల వేగం కావాలని అలా తేలింది. శుక్రుడి సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. అక్కడి వాతావరణం మన దానికంటే సుమారు 90 రెట్ల పీడనంతో చిక్కగా ఉంటుంది కాబట్టి, మనిషి నడిచేంత వేగంతో వీచే గాలి కూడా రేణువులను కదిలించగలదు. దానికి వేరే టన్నెల్ కట్టారు.

ఈ ప్రయోగాల్లో గ్రీలీకి తోడున్న జేమ్స్ ఐవర్సన్ భూగర్భశాస్త్రవేత్త కాదు, అయోవా స్టేట్ యూనివర్సిటీలో ఏరోస్పేస్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్. ఇద్దరూ కలిసి గాలి నేలను ఎలా మలుస్తుందో చెబుతూ 1985లో రాసిన పుస్తకం ఈ రంగంలో పేరున్న గ్రంథం.

ఎండాకాలం మన మెట్ట పొలాల్లో సుడిగాలి లేచి, దుమ్మూ ఎండుటాకులూ తిప్పుకుంటూ పోవడం మీరు చూసే ఉంటారు. అంగారకుడి మీదా అలాంటివే లేస్తాయి. స్పిరిట్ రోవర్ తీసిన ఫొటోల్లో వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, కొలిచి పరిశోధన పత్రాలు రాసింది గ్రీలీ బృందమే. ఆయన పోయిన కొద్ది నెలలకు, ఆపర్చునిటీ రోవర్ చలికాలం గడిపిన చోటుకి తోటివాళ్లు ‘గ్రీలీ హేవెన్’ అని పేరు పెట్టారు. అదే రోవర్‌కి సోలార్ ప్యానెళ్ల మీది దుమ్ముని ఏళ్ల తరబడి తుడిచిపెట్టింది గాలే. చివరికి 2018 దుమ్ము తుపానుతో దాని గొంతు నొక్కిందీ గాలే.

బీటెక్ చదివేశారా? మీకూ చోటుంది

నేనూ ఇంజినీరింగ్ చదివినవాణ్నే కాబట్టి ఈ ముక్క గట్టిగా చెబుతున్నా. గురుగ్రహపు ఉపగ్రహం అయో మీద అగ్నిపర్వతం పేలుతోందని 1979 మార్చిలో మొదట గుర్తించింది లిండా మొరబిటో అనే నావిగేషన్ ఇంజినీర్. వాయేజర్-1 దారి సరిచూడ్డానికి ఫొటోల్లో నక్షత్రాలు వెతుకుతుంటే అయో అంచున గొడుగులాంటి పొగ కనిపించింది. భూమి బయట రగులుతున్న అగ్నిపర్వతం కంటపడటం అదే మొదటిసారి.

ఇంకోటి చూడండి. శుక్రుడి మీద మాట్ మోన్స్ దగ్గర లావా బిలం ఒకటి ఎనిమిది నెలల్లో ఆకారం మారి పెద్దదైందని 2023లో రాబర్ట్ హెరిక్, స్కాట్ హెన్స్లీ చెప్పారు. వాళ్లు కొత్త నౌకనేమీ పంపలేదు. మెజెల్లన్ నౌక 1991లో తీసిన పాత రాడార్ చిత్రాలను మళ్లీ ఓపిగ్గా పక్కపక్కన పెట్టి చూశారు. ముప్పై ఏళ్లుగా ఎవరికైనా అందుబాటులో ఉన్న డేటా అది!

నాసా డేటా ఉచితం. ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే చంద్రయాన్-2, మంగళ్‌యాన్ డేటా కూడా దొరుకుతుంది. మీకు వచ్చిన పైథాన్, ఇమేజ్ ప్రాసెసింగ్ అక్కడ పనికొస్తాయి. అయితే లావా ప్రవాహానికీ కొండచరియకీ తేడా తెలియకపోతే ఏ కోడూ మీకు సాయం చేయలేదు. రాయీ రావాలి, కోడూ రావాలి. రెండూ వచ్చినవాళ్లు తక్కువ కాబట్టే వాళ్లకి విలువ.

హైదరాబాద్‌లోనే ఉంది

దీనికోసం అమెరికాయే పోనక్కర్లేదు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అదే ఎన్‌జీఆర్‌ఐలో పి.సెంథిల్ కుమార్ బృందం మహారాష్ట్రలోని లోణార్ బిలాన్ని చదివింది. ఉల్క ఢీకొట్టి దక్కన్ బసాల్ట్ రాతిలో చేసిన గొయ్యి అది. అంగారకుడి నేలలో ఎక్కువ భాగం బసాల్టే కాబట్టి, అక్కడి బిలాలను అర్థం చేసుకోవడానికి లోణార్ ఓ నమూనా. చంద్రుడి మీద వాలుల నుంచి దొర్లిపడ్డ బండల జాడలు చూసి, చంద్రకంపాల గురించి చెప్పింది కూడా ఈ బృందమే. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగాక, ప్రజ్ఞాన్ రోవర్ మట్టిని పరీక్షించిన పరికరాన్ని తయారుచేసింది అహ్మదాబాద్‌లోని పీఆర్‌ఎల్. చంద్రుడు ఒకప్పుడు కరిగిన రాతి సముద్రంలా ఉండేవాడన్న ఆలోచనకి ఆ ఫలితాలు బలమిచ్చాయి.

చేదు నిజాలు కూడా వినండి

ఇది తొందరగా సెటిలైపోయే దారి కాదు. డిగ్రీ, పీజీ, ఆపైన పీహెచ్‌డీకి అయిదారేళ్లు. ఫెలోషిప్ వస్తే మొదట్లో నెలకి 37 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. అదే వయసులో మీ ఫ్రెండ్ బెంగళూరులో కారు కొని స్టేటస్ పెడతాడు. పీఆర్‌ఎల్, ఇస్రో కేంద్రాలు, ఎన్‌జీఆర్‌ఐ, కొన్ని ఐఐటీలు, తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ... ఈ పని చేసే చోట్లు దేశంలో కొన్నే. అందరికీ సీటు దొరకదు. ఇల్లు గడవడానికి మీ జీతం వెంటనే కావాల్సిన పరిస్థితైతే, ముందు ఆ సంగతి చూసుకోండి. అందులో తప్పేం లేదు.

కానీ గ్రహాల దాకా వెళ్లకపోయినా జియాలజీ చదివినవాడు రోడ్డున పడడు. మాస్టర్స్ చేశాక యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షతో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, కేంద్ర భూగర్భ జలమండలి ఉద్యోగాలుంటాయి. ఓఎన్‌జీసీ, ఎన్‌ఎండీసీ, సింగరేణి లాంటి సంస్థలకీ జియాలజిస్టులు కావాలి. అణు ఖనిజాల సంస్థ, జియలాజికల్ సర్వే శిక్షణ సంస్థ, ఎన్‌ఆర్‌ఎస్‌సీ అన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయి.

మన ప్రాంతం సంగతి చెప్పక్కర్లేదు. బోరు వేయాలంటే ఇప్పటికీ చాలాచోట్ల అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచే పెద్దాయన మాటే వేదం. నీళ్లు పడకపోతే రైతుకి అప్పు మిగులుతుంది. కనిగిరి వైపు ఫ్లోరైడ్ బాధ అందరికీ తెలుసు, ఆ ఫ్లోరైడ్ నీళ్లలో కలిసేది రాళ్లలోంచే. వెలిగొండ సొరంగాలు నల్లమలను తొలవాలన్నా ముందు చదవాల్సింది రాయినే. శుక్రుడి లావా చదవడానికి నేర్చుకునే పాఠమూ, బేస్తవారిపేటలో బోరు పాయింటు పెట్టడానికి కావాల్సిన పాఠమూ మొదటి రెండేళ్లు ఒకటే.

దారులివీ

ఇంటర్ ఎంపీసీ వాళ్లు జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారా ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్ ఐఐటీల్లో జియాలజీ కోర్సులు చూడొచ్చు. తిరుపతి ఐసర్‌లో ఎర్త్ అండ్ క్లైమేట్ సైన్స్ ఉంది, దానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. బీఎస్సీలో జియాలజీ తీసుకుంటే ఆంధ్రా, శ్రీవేంకటేశ్వర, యోగి వేమన విశ్వవిద్యాలయాల్లో పీజీ ఉంది. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. బీటెక్ వాళ్లకి గేట్ ఒక దారి. దెహ్రాదూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్‌ఎస్ నడిపే ఉచిత ఆన్‌లైన్ కోర్సులు మీ ఆసక్తి నిజమో కాదో తేల్చుకోవడానికి మంచి పరీక్ష.

అమ్మానాన్నలకో మాట. ‘రాళ్లు చదివి ఏం చేస్తావురా’ అని అడగండి, తప్పకుండా అడగండి. కాకపోతే జవాబు పూర్తిగా వినండి. కాలేజీలకో మాట. ఏడాదికి ఒక్కరోజు పిల్లల్ని మార్కాపురం పలకల క్వారీకి తీసుకెళ్లండి. ఎప్పటిదో సముద్రం అడుగున పేరుకున్న మెత్తటి బురద, నొక్కుకుపోయి పొరలు పొరలుగా చీలే రాయి ఎలా అయిందో అక్కడ చూపించండి. అక్కడి నుంచి కంభం చెరువు కట్ట మీదికి తీసుకెళ్లండి. కొండల మధ్య సందు చూసి గుండ్లకమ్మకి అడ్డంగా కట్ట వేసిన పాతకాలపు వాళ్లకి డిగ్రీలు లేవు, నేల చదవడం మాత్రం వచ్చు.

ఇక మీరు. ఈ వారం రెండు పనులు చేయండి. ఊరి దగ్గర రోడ్డు కోసం కొండని కోసిన చోట పది నిమిషాలు ఆగి, పొరలు ఎటు వాలాయో, ఎక్కడ మడతపడ్డాయో ఒక బొమ్మ గీయండి. ఆ రాత్రి ఒలింపస్ మోన్స్ ఫొటో ఒకటి తెరిచి, లావా ఎటు పారిందో అదే పుస్తకంలో పక్క పేజీలో గీయండి. రెండూ గీసేసరికి టైమ్ ఎంతైందో చూసుకోవడం మర్చిపోయారనుకోండి, వెబ్ ఆప్షన్ల గురించి మళ్లీ ఒకసారి ఆలోచించండి.